మార్చను సార్

సాన్ అలేహో ఆసుపత్రిలో వెంటిలేటర్ ఒక్కటే. ఆ వారం అది మెల్చోరాకు ఊపిరి పోస్తోంది. ఆమె మడ అడవి అంచున ఆల్చిప్పలు ఏరుకుని బతికే మనిషి. న్యుమోనియా ముదిరాక భర్త బెనిగ్నో పడవలో వేసుకొచ్చాడు. ఆ మిషనును చూసుకునేది మా రెస్పిరేటరీ థెరపిస్టు ఫ్లోర్డెలిజా, మా అందరికీ ఫ్లోర్. నేను అదే వార్డులో నర్సును.

మధ్యాహ్నం అన్నాల వేళ డాన్ ఇలుమినాడోను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఊరంతా 'డాన్' అని గౌరవంగా పిలిచే బియ్యం మిల్లుల యజమాని, మేయరుకు మేనమామ. చుట్టలు తాగి తాగి ఊపిరితిత్తులు చెడ్డాయి. పెదవులు నీలం తిరిగాయి. డాక్టరు గొంతులో గొట్టం వేశాడు. ఫ్లోర్ దానికి గాలి సంచి తగిలించి చేత్తో నొక్కడం మొదలెట్టింది. అంతలో డైరెక్టరు సలుస్టియానో వచ్చాడు.

"ఫ్లోర్, ఆ మిషను ఇటు మార్చు. ఆ ఆడమనిషికి మొగుడు సంచి నొక్కుతాడులే."

"మార్చను సార్."

"ఏంటీ?"

"ఆవిడ ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. తీస్తే పోతుంది. మీకూ తెలుసు."

"నిజమే సార్," అన్నాడు డాక్టరు. "సిటీ నుంచి ఇంకోటి తెప్పిద్దాం."

"వచ్చేదాకా?" డాన్ కొడుకు క్రిస్పిన్ అరిచాడు. "మా నాన్నెవరో తెలుసా నీకు?"

"తెలుసు. ఊపిరాడని మనిషి. అందుకే నా చేతులిచ్చాను," అంది ఫ్లోర్.

డైరెక్టరు తనే మిషను వైపు నడిచాడు. ఫ్లోర్ సంచి వదల్లేదు, గొంతు మాత్రం పెంచింది. "బెనిగ్నో బావా, దానికి అడ్డంగా కూర్చో!"

బెనిగ్నో కాళ్లు బారజాపి కూర్చున్నాడు. నేనూ వెళ్లి అతని పక్కన నిలబడ్డాను. డైరెక్టరు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, సిటీకి ఫోన్ చేయడానికి బయటికి పోయాడు.

నొక్కీ నొక్కీ ఫ్లోర్ మణికట్లు వాచాయి. నేను మధ్యమధ్య అందుకున్నాను. ఆమె క్రిస్పిన్‌ను పిలిచింది.

"అరవడం అయిందా? రా, పట్టుకో."

అతను గబగబా నొక్కాడు.

"కొబ్బరిపాలు పిండుతున్నావా నాయనా? ఛాతీ చూడు. లేచిందా, వదులు. మీ నాన్నకు నీ కోపం అక్కర్లేదు, గాలి కావాలి."

అతను నెమ్మదించాడు. చెమటతో చొక్కా తడిసిపోయినా ఇంకొకరికి ఇవ్వనన్నాడు. చీకటిపడే వేళకు సిటీ నుంచి మిషను వచ్చింది. డాన్ బతికాడు.

మర్నాడు డైరెక్టరు ఫ్లోర్‌ను పిలిపించాడు. "క్షమాపణ చెప్పు, వదిలేస్తా."

"దేనికి సార్? ఇద్దరూ బతికున్నందుకా?"

నెల రోజులు సస్పెండ్ చేశారు. ఆ సాయంత్రమే, చూడ్డానికి వచ్చేవాళ్ల వేళకు, ఇంటి బట్టల్లో వచ్చింది. గేటు కాపలావాడు తటపటాయించాడు.

"అక్కా, నిన్ను రానీయొద్దన్నారు."

"డ్యూటీకి కదా రావొద్దంది. నేను చుట్టాన్ని చూడ్డానికొచ్చా."

"ఎవరు నీ చుట్టం?"

వెనక నుంచి బెనిగ్నో అన్నాడు: "మా మరదలు. జరుగు."

అలా రోజూ వచ్చింది. మిషనును ముట్టుకునేది కాదు. మెల్చోరా చెయ్యి పట్టుకుని, "లోపలికి పీల్చు, ఇంకాస్త, భయపడకు," అంటూ కూర్చునేది. గొట్టం తీసిన రోజు మెల్చోరా బొంగురు గొంతుతో అల్లం వేసిన గంజి అడిగింది. బెనిగ్నో నవ్వబోయి ఏడ్చేశాడు.

తలుపు దగ్గర డైరెక్టరు నిలబడి ఉన్నాడు. ఫ్లోర్ కుర్చీలోంచి లేవలేదు.

"నెల కాగానే వస్తా సార్. మళ్లీ అలా అడిగితే, మళ్లీ మార్చనంటా."

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.