కారు బొట్టు

ఆ ఇంట్లో చేపలు తోమడానికి దేవకుమారి ఒక్కదానికే చేతులున్నాయి. తినడానికి అందరికీ ఉన్నాయి.

శనివారం పొద్దున్నే మొగుడు ఎలీయాజరు ఒక శీలావతి చేపని తెచ్చి గట్టుమీద పడేసి, పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె పొలుసు గీకి, రాళ్ళుప్పు వేసి బండమీద రుద్ది, నిమ్మకాయ పిండి కడిగి, పులుసు పొయ్యిమీద పెట్టి చేతులు వాసన చూసుకుంది. అత్తగారు రూతమ్మ మంచం మీంచి కేకేసింది. "కుమారీ, ఉప్పు కాస్త తగ్గించవే, నాకసలే బీపీ." పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉప్పు తగ్గుతూనే ఉంది, బీపీ పెరుగుతూనే ఉంది.

ఎలీయాజరు చెడ్డవాడు కాదు. తాగడు. చెయ్యెత్తడు. చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. చెడ్డవాడు కాకపోవడాన్నే మంచితనం అనుకుంటాడు. మన ఊళ్ళలో చాలామంది మగవాళ్ళ మంచితనం అంతవరకే. పెళ్ళాం బతికున్నంత కాలం అది సరిపోతుంది. ఆ తర్వాత రాళ్ళుప్పు ఏ గూట్లో ఉందో వెతుక్కుంటారు. ఎలీయాజరు స్కూలు బస్సు తోలతాడు. బస్సు కడగడానికి క్లీనరున్నాడు, ఇల్లు కడగడానికి దేవకుమారి ఉంది.

తాడేపల్లిగూడెంలో ఒక కార్ల షోరూములో ఆమెకి మధ్యాహ్నం దాకా పని. కొత్త కారు డెలివరీకి వెళ్ళేముందు దాన్ని మెరిపించడానికి ఇద్దరు కుర్రాళ్ళున్నారు. వాళ్ళ చొక్కాల మీద 'డీటెయిలర్' అని బిళ్ళలుంటాయి. వాళ్ళు పైన నురగ కొట్టి టీకి వెళ్ళిపోతే, సీట్ల కుట్లలోనూ ఏసీ రెక్కల సందుల్లోనూ పళ్ళ బ్రష్షు పెట్టి దుమ్ము తీసేది దేవకుమారి. ఆమె బిళ్ళ మీద 'హౌస్ కీపింగ్' అని ఉంటుంది. "మీ చెయ్యి పడితే ఆ తీరే వేరండీ. ఎంతైనా ఆడవాళ్ళ చెయ్యి కదా!" అంటాడు మేనేజరు. ఆ చేతికి బిళ్ళ మార్చాలని మాత్రం అతనికి తోచలేదు.

నాలుగు నెలల కిందట షోరూము వాళ్ళు నీళ్ళు చిమ్మే పాత మిషనొకటి మూల పడేస్తే అడిగి తెచ్చుకుంది. నిజం చెప్పాలంటే దాన్ని బాగుచేసింది ఎలీయాజరే. రెండు సాయంత్రాలు వాకిట్లో కూర్చుని మూతి విప్పి, గొట్టం మార్చి, నీళ్ళు చిమ్మగానే చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆమె ఆ నవ్వు చూసి, స్కూటీ మీద ఇళ్ళకి వెళ్ళి కార్లు శుభ్రం చేస్తానని అప్పుడే అడిగేసింది. నవ్వు ఆగింది.

"ఇంట్లో అంట్లు తోమితే నడుం నొప్పంటావు, ఊళ్ళో వాళ్ళ కార్లు తోముతావా?"

"అంట్లు మధ్యాహ్నానికి మళ్ళీ అంట్లే అవుతాయండీ."

అతనికి అర్థం కాలేదు గానీ ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. "ఒక్క మాట ఇంటికొచ్చిందా, ఆ మిషను పాత ఇనుము వాడికి వేసేస్తాను." కార్డులు కూడా తనే అచ్చు వేయించి తెచ్చాడు, ప్రేమగానే. దాని మీద 'ఎలీయాజరు కార్ క్లీనింగ్' అని ఉంది, కింద అతని ఫోను నంబరుంది. "ఆడమనిషి నంబరు పదిమంది జేబుల్లో ఉండటం బాగోదు కుమారీ." ఇక అతని ఫోనులో ఆమె నంబరు 'ఇల్లు' అనే పేరుతో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అది చూసి మురిసిపోయింది. ఇప్పుడు అతను ఎక్కడో పెట్టి మరిచిన ఫోనుని వెతకడానికి తను రింగిస్తే, తెర మీద 'ఇల్లు' అని వెలిగినప్పుడల్లా, తను ఏ గది అయివుంటుందా అనుకుంటుంది. వంటిల్లే అయివుంటుంది.

ఆ పని ఎందుకు పట్టుకుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. పైన కడగడం అయ్యాక లోపలి పని ఉంటుంది. దుమ్ము బయటి నుంచి రాకుండా నాలుగు తలుపులూ వేసుకోవాలి, అద్దాలెక్కించుకోవాలి. అప్పుడు ఎవరి గొంతూ వినబడదు. పదకొండేళ్ళలో ఆమె లోపల్నుంచి తలుపు వేసుకుని కూర్చున్న చోటు స్నానాలగది ఒక్కటే, అక్కడా మొగుడో పిల్లాడో తలుపు కొట్టి సబ్బు అడిగేవాళ్ళు. కారులో ఎవరూ పిలవరు. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే వినబడేది. పని అయ్యాక కారు గలాయన చుట్టూ తిరిగి, వంగి అద్దంలో మొహం చూసుకుని, "బాగుందండీ" అనేవాడు. వంటింటి చుట్టూ అలా ఒక్కసారి తిరిగి ఒక్క మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. దేవుడు కూడా ఆరురోజులు పనిచేసి, చూసుకుని, బాగుందనుకున్నాడు. తన పని తనే చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం గణపవరంలో వెంకట్రాజు గారి కారు. ఆయనకి చేపల చెరువులున్నాయి. మేత బస్తాలు, తడి వలలు అన్నీ ఆ తెల్లకారులోనే తిరుగుతాయి. మర్నాడు ఆ కారులో కూతురికి సంబంధం మాట్లాడటానికి వెళ్ళాలి. లోపల కూర్చుంటే కొల్లేట్లో కూర్చున్నట్టే ఉంది. తాడేపల్లిగూడెంలో ఇద్దరు మెకానిక్కులు సెంటు కొట్టి పంపారట, చేప సెంటు పూసుకున్నట్టయింది. దేవకుమారి చాపలు తీసి, కింద గుడ్డ మీద వంటసోడా చల్లి, గంటసేపు వదిలి, బ్రష్షుతో ఊడ్చి, వెనిగరు కలిపిన నీళ్ళతో తుడిచింది. చేపల వాసన ఎక్కడ దాక్కుంటుందో ఆమె చేతులకి తెలుసు. అరుగు మీద కుర్చీలో రాజుగారి తల్లి వెంకటనరసమ్మ, తెల్లచీర కట్టుకుని, అంతా చూస్తూ కూర్చుంది.

సోడా పనిచేసే గంటలో దేవకుమారి పైపని చేసింది. బానెట్ మీద పసుపు మరకలు, ఎండిపోయిన కుంకుమ ఉన్నాయి. రెండు నెలల కిందట ద్వారకా తిరుమలలో పూజ చేయించినప్పటివి. తెల్లకారు మీద పసుపు ఎక్కువ రోజులుంటే రంగు పీల్చుకుంటుందని షోరూములో చెప్పారు. అక్కడ రోజూ తీసినట్టే నురగ పెట్టి, మెత్తటి గుడ్డతో ఇక్కడా తీసేసింది. ఇంట్లో బొట్టు అలవాటు లేని మనిషి. ఆమె కంటికి అది మరకే.

వెంకట్రాజు గారు బయటికొచ్చి చూశారు. ఆ ప్రాంతంలో తిట్టినా అండీ తగిలించే తిడతారు.

"ఏవండీ, ఏం చేశారండీ మీరు? స్వామి దగ్గర పెట్టించిన బొట్టండీ అది! దానంతట అది పోవాలి గానీ, చేత్తో చెరుపుతారా ఎవరైనా? రేపు శుభమా అని బయల్దేరుతుంటే!"

"తెలియక చేశానండీ, మరక పడుతుందని..."

ఆయన వినలేదు. కార్డు తీసి, దాని మీదున్న నంబరుకి చేశారు. ముందు మనిషి నిలబడి ఉండగా, ఆమె మీద మాట ఆమె మొగుడికి చెప్పారు.

ఎలీయాజరు అరగంటలో బైకు మీద వచ్చేశాడు. దిగుతూనే చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందండీ రాజుగారూ. ఆడమనిషి, తెలియదండీ. ఇంకెప్పుడూ ఈ పని చెయ్యదండీ."

దేవకుమారి తడిగుడ్డ పట్టుకుని అతన్నే చూసింది. నాలుగు నెలల పని, ఆ తలుపులు వేసుకున్న నిశ్శబ్దం, ఆ "బాగుందండీ" అన్నీ ఒక్క "చెయ్యదండీ"తో పోయాయి. ఆమెని అడగలేదు. ఆమె వైపు చూడను కూడా లేదు.

"ఒరేయ్ వెంకట్రాజూ," అంది వెంకటనరసమ్మ కుర్చీలోంచి.

"మీరుండండమ్మా."

"ఉన్నాన్రా. పదిహేనేళ్ళ నుంచీ ఉండనే ఉన్నాను." కర్ర ఆనించుకుని దిగి వచ్చింది. "కారు బొట్టు చేత్తో చెరిపారని ఇంత గోల చేస్తున్నావు. మీ నాన్న పోయిన పదోరోజున నా బొట్టు చెరిపారే, అది చేత్తో కాదా? దానంతట అది పోయేదాకా ఆగారా? అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. ఎవరికి ఫోను చేశావురా?"

వెంకట్రాజు గారు చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నారు.

ముసలామె లోపల్నుంచి కుంకుమ భరిణె తెప్పించుకుంది. వేలు ముంచి తనే బానెట్ మీద బొట్టు పెట్టింది. వద్దనడానికి కొడుకు నోరు తెరిచాడు. "పెడితే ఏవవుతుంది? కారు ముండమోస్తుందా?" అంది. దేవకుమారికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగింది.

ఆ తర్వాత ముసలామె కారెక్కి కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చింది. "చేపల కంపు లేదురా! మీ నాన్న కొన్న మొదటి కారు ఇలా ఉండేది. బాగుందమ్మాయ్. పిప్పర్లో మా చెల్లెలి కొడుక్కీ కారుంది, నీకు దారిలోనే. నేను చెబుతాను, చూసివెళ్ళు. నీ ఫోను నంబరు చెప్పు."

ఎలీయాజరు జేబులోంచి కార్డు తీశాడు.

"ఆయనది కాదు. నీది."

దేవకుమారి తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. మొగుడి నంబరు నోటికొచ్చు. అత్తగారి డాక్టరుది, గ్యాసు వాళ్ళది, పిల్లాడి బడిది నోటికొచ్చు. తనది ఎవరూ అడగలేదు. ఫోను తీసి, వెతుక్కుని, ఒక్కొక్క అంకె చదివింది. ముసలామె రాసుకుంది.

వచ్చేటప్పుడు వెంకట్రాజు గారు చెరువులో పట్టిన రెండు బొచ్చె చేపలు సంచీలో వేయించి ఇచ్చారు. ఆమె మొహం చూడలేదు గానీ, "ఉంచండమ్మా" అన్నారు. ఆయన క్షమాపణ అంతవరకే వచ్చింది.

కాలవ గట్టు మీద ఎలీయాజరు బైకు ఆపాడు. ఆమె స్కూటీ మీదున్న మిషను వైపు చెయ్యి చాపాడు. "బరువు, ఇటు పెట్టు."

"పాత ఇనుముకా అండీ?"

అతను తల దించుకున్నాడు. "అప్పుడేదో నోటికొచ్చింది అన్నాను కుమారీ. ఇంటికి పదా. అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

చెడ్డవాడు కాదు. ఆమెకి అతని మీద జాలేసింది, ప్రేమ కూడా ఉంది, అది ఎక్కడికీ పోలేదు. చేపల సంచీ తీసి అతని బైకు హ్యాండిలుకి తగిలించింది.

"మీరు ముందెళ్ళి ఇవి తోమి ఉంచండి. నేను పిప్పర కారు చూసుకుని వస్తాను."

"నేనా? నాకేం తెలుసు?"

"పొలుసు తోక నుంచి తలవైపు గీకండి. రాళ్ళుప్పేసి రుద్దండి."

"రాళ్ళుప్పు ఎక్కడుంటుంది?"

దేవకుమారి స్కూటీ స్టార్టు చేసింది.

"దొరక్కపోతే నాకు ఫోను చెయ్యండి. కానీ ముందు ఆ పేరు మార్చుకోండి. ఇల్లు ఇవాళ ఇంట్లో లేదు."