సున్నా వేసిన దేశం

ముందుగదిలో మాటలు సాగినంతసేపూ నేను వంటింట్లో కప్పులు కడుగుతూనే ఉన్నాను. మంచి కప్పులు నాలుగే. ఒక విడత టీ అయ్యేసరికి కడిగి మళ్ళీ సిద్ధం చేయాలి. వచ్చినాయన కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే మనిషి. ఏ దేశంలో అలాంటి వెంచర్ పెట్టుబడి ఎంత వచ్చిందో కొలిచి, పోల్చి, ఆ వివరాలు అమ్మడం మా ఆయన కంపెనీ పని. ఈయన డబ్బు పెడితే కంపెనీ నిలబడుతుంది. లేదంటే మూడేళ్ళుగా నా అట్టపెట్టెల దుకాణం పోసినదంతా బూడిదలో పన్నీరే.

ఆఫీసు అద్దె, ఇద్దరి జీతాలు, ఆయన ఉద్యోగం మానేశాక ఇల్లు, అన్నీ దుకాణమే మోసింది. బేరం తేలందే ఎవరికీ ఒక్క పెట్టె ఇవ్వని దాన్ని, మొగుడి దగ్గర మాత్రం ధర అడగలేదు. ఒకసారి అడగబోతే అత్తగారు అందుకున్నారు: "ఇంట్లో పెట్టినదానికీ లెక్కలేనా అమ్మా! రేపు అన్నం పెట్టి బిల్లు చేతిలో పెడతావా ఏం?" అందరూ నవ్వారు గనక నేనూ నవ్వాను. ఆ నెల జీతాలకి తక్కువైతే, గోడౌను కప్పు బాగుచేయించాలని దాచింది తీసి ఇచ్చాను. వానలకి సరుకంతా తడిసింది. "కాస్త చూసుకోవద్దూ?" అన్నారు మా ఆయన.

"ఈ దేశం చూడండి," ముందుగదిలోంచి మా ఆయన గొంతు ఉత్సాహంగా వినబడింది. "అందరి పట్టికల్లోనూ దీనికి సున్నా. పెట్టుబడి లేక కాదండీ! అక్కడ అక్కలూ బావలూ ఇచ్చుకుంటారు. దాన్ని వెంచర్ అనరు కాబట్టి ఎవరూ లెక్కేయలేదు. మేం లెక్కేస్తాం. అప్పుడేగా ఒక దేశాన్ని ఇంకోదానితో పోల్చగలిగేది?"

"బాగుంది. మరి మీ కంపెనీలోకి ఇప్పటిదాకా ఎంత వచ్చింది?"

"మాకా? సున్నా అండీ. అంతా నా కష్టమే. వాటా నూటికి మీకు ముప్ఫై, నాకు డెబ్బై."

కుళాయి కట్టేశాను. నోరు విప్పితే బేరం చెడిపోవచ్చు, పోసిందంతా పోతుంది. మూసుకుంటే బేరం కుదురుతుంది, అందులో నేనుండను. ఎటు చూసినా నష్టం నాదే అయినప్పుడు ఊరుకుని మిగుల్చుకునేదేమిటి? దుకాణంలో అయితే ఇంత ఆలోచించను. ఇక్కడ చెడితే చెడేది ఒక్క బేరమే కాదు.

ట్రే తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. వెనక్కి వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏమన్నా కావాలా?" అన్నారు మా ఆయన, కళ్ళతోనే వంటింటి దారి చూపిస్తూ.

"వాటా కావాలి." వచ్చినాయన వైపు తిరిగాను. "మూడేళ్ళుగా ఈ కంపెనీ నడిచింది నా దుకాణం డబ్బుతోనండీ. ఆయన చెప్పడం మర్చిపోయారు."

"మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ," అని నవ్వారు మా ఆయన. ఆ నవ్వుకి ఎవరూ తోడురాలేదు.

వచ్చినాయన కప్పు కింద పెట్టి, నన్ను చూసి అడిగాడు:

"ఎంత?"

ఈ ఇంట్లో ఆ మాట నన్నెవరూ ఇంతవరకూ అడగలేదు. మా ఆయన ముఖం చూడకుండా, చెప్పాను.