డోనీబ్రూక్ మీద ఈదులపాడు పంతం

నేను ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువుని. మద్రాసులో ఓ ప్రెస్సులో పుట్టి, గట్టి కాలికో గుడ్డ అట్ట వేయించుకుని ఈదులపాడు గ్రంథాలయానికి వచ్చాను. నాలో బోలెడు మాటలుంటే, ఈ ఊరివాళ్లకు నా బరువే పనికొచ్చింది. ఫ్యాను గాలికి పేపర్లు ఎగరకుండా పెట్టారు, క్యారమ్ బల్ల కాలు కిందా పెట్టారు. సరే, అదీ ఉద్యోగమే అనుకున్నాను.

లైబ్రేరియన్ విశాలాక్షి మాత్రం నన్ను తెరిచేది. రోజూ పొద్దున్నే ఆమె పేపరు పైకి చదువుతుంటే ఊళ్లో మగాళ్లంతా చుట్టూ చేరి వినేవాళ్లు. ఓ రోజు ఏదో కొట్లాట వార్త చదువుతుంటే, "గొడవని ఇంగ్లీషోడు ఏమంటాడమ్మా?" అని సర్పంచ్ పానకాలు అడిగాడు. ఆమె నన్ను తిరగేసింది. బెడ్‌లమ్ అంటే గందరగోళం, లండన్‌లో ఓ పిచ్చాసుపత్రి పేరు నుంచి వచ్చింది. అఫ్రే అంటే వీధికొట్లాట, భయపడ్డవాణ్ని చెప్పే అఫ్రెయిడ్‌కు తోబుట్టువు. డోనీబ్రూక్ అంటే నానా రభస. ఐర్లండులో ఆ పేరుగల ఊరి సంతలో జనం తన్నుకోగా తన్నుకోగా ఊరి పేరే మాటైపోయింది.

పానకాలు ముఖం మాడిపోయింది. "మన మంగళవారం సంత కంటేనా? మనం తన్నుకోలేదా? మన పేరెందుకు ఎక్కలేదమ్మా?"

"పేపర్లో పడేలా తన్నుకోవాలేమోనండీ," అంది విశాలాక్షి. ఆ నోరు ఊరుకుని ఉంటే నేనివాళ నిండుగా ఉండేదాన్ని.

పానకాలు రోడ్డు వేయించలేకపోయాడు, నీళ్లు తెప్పించలేకపోయాడు. పదవి దిగిపోయేలోపు ఊరి పేరైనా నాలోకి ఎక్కించాలని ఆయన ఆశ. సంతకు ఇంగ్లీషు పేపరు విలేకరిని పిలిచాడు. నన్ను తెచ్చి బల్ల మీద పెట్టి, తన్నుకోవడానికి మనుషుల్ని జతలు జతలుగా నిలబెట్టాడు. తీరా చూస్తే ఎవరికీ చెయ్యి లేవదే!

"ముందు నువ్వు కొట్టు బావా."

"అబ్బే, పెద్దోడివి, నువ్వే కానియ్."

గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒకరి కాలరొకరు పట్టుకుని, బావురుమని కలిసిపోయారు. విలేకరి ఆవలించాడు. పానకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ జాలేసింది.

అప్పుడు పక్క ఊరు రావిచెర్ల పెద్ద మీరావలి తాపీగా ముందుకొచ్చాడు. "సర్పంచ్ గారూ, సంత సగం మా పొలాల్లోనే జరుగుద్ది గదా. పుస్తకంలో రావిచెర్ల అని రాయించండి."

"రావిచెర్లా? అదీ ఒక ఊరేనా?" అన్నాడు పానకాలు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాలో ఉన్న మాటలు చాలవు. వంకాయలు లేచాయి, తక్కెళ్లు లేచాయి, చివరికి నేనూ లేచాను. అట్ట ఈదులపాడు వైపు పడింది, పేజీలు రావిచెర్ల వైపు ఎగిరాయి. అట్టను విశాలాక్షి గ్రంథాలయానికి చేర్చింది. కాగితాలు బజ్జీల బండివాడు ఏరుకున్నాడు.

మర్నాడు పానకాలు తలకు కట్టుతో ముందు వరసలో కూర్చున్నాడు. వార్త పడింది. "ఒక పల్లె సంతలో డోనీబ్రూక్," అని చదివి విశాలాక్షి ఆగింది.

"మన పేరో?"

"లేదండీ. ఒక పల్లె అనే ఉంది."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

నిన్న ఆయన కొన్న మిరపకాయ బజ్జీకి నా డి అక్షరం పేజీ పొట్లమైంది. నాలో మిగిలిన ఆఖరి కాగితం అదే. ఆయన నూనె తుడిచి, డోనీబ్రూక్‌ని పెన్నుతో కొట్టేసి, పైన ఈదులపాడు అని రాశాడు. ఎంత మురిసిపోయాడో! పక్కనే బజ్జీ తింటున్న మీరావలి వంగి అది చదివాడు. చేతులు తుడుచుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"మా ఊరి పేరేదండీ?" అని మర్యాదగా అడుగుతూ నా రెండో అంచు పట్టుకున్నాడు.

అఫ్రేకీ అఫ్రెయిడ్‌కీ ఉన్న చుట్టరికం నాకప్పుడు బాగా తెలిసొచ్చింది.