మామయ్య వంతు

గోడకి గడియారం తగిలించినా ఊరుకునేదాన్నేమో. వాళ్లు తెర మీదే పెట్టారు. సరిగ్గా మామయ్య కళ్లకెదురుగా, ఎర్రటి అంకెలతో, వెనక్కి లెక్కపెట్టే గడియారం.

ఆదివారం మధ్యాహ్నం మామయ్యని మెల్లగా మెట్లెక్కించి గేముల షాపుకి తీసుకొచ్చేసరికి ఆ అంకెలు మా కోసమే కాచుకుని ఉన్నాయి. వరసగా కంప్యూటర్లు, తిరిగే కుర్చీలు, పాత పరుపుల వాసన కొట్టే ఏసీ, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. షాపతను మాత్రం నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"కొత్త రూలు అక్కా. ఈ వారం నుంచి ఒక్కో వంతుకి ఒకటే నిమిషం. టైం అయిపోతే వంతు దానంతటదే అవతలివాళ్లకి వెళ్లిపోద్ది."

"ఎవరు పెట్టమన్నారు?"

"అందరూ అనుకునే..."

"ఆ అందరికీ ఒక మొహం ఉంటుందిగా. అదెవరిది?"

ఈ ఆట సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఒక్కొక్కరికి నాలుగేసి రోబోలు, ఒక్కోటీ మూడంతస్తుల మేడంత. కిరాయి సైన్యం అన్నమాట. ఎవడు డబ్బిస్తే వాడి తరఫున కొట్లాడతాయి, నీతీ జాతీ ఏమీ లేవు. ఒకళ్లు తమ నాలుగింటినీ కదిపి, కాల్చుకుని, 'వంతు అయింది' అని నొక్కాకే రెండోవాళ్ల వంతు వస్తుంది. అంతదాకా అవతలివాడి ఫిరంగి ఎత్తింది ఎత్తినట్టే ఉంటుంది, పేలదు. మన ఆలోచన తెగేదాకా యుద్ధం మొత్తం నిలబడి చూస్తుంది.

మామయ్య ఈ ఆటకి అతుక్కుపోయింది అందుకే. ఉద్యోగమంతా ఓడల దగ్గర పెద్ద క్రేను నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడింటినీ పట్టుకుపోయింది. బుర్ర మాత్రం దీపంలా ఉంది, దాన్ని బయటికి తెచ్చే దారే మూసుకుపోయింది. 'ఆఁ', 'కాదు', 'ఆగు', ఈ మూడు మాటలే తేలిగ్గా వస్తాయి. నాలుగో మాట కోసం ఆయన పెదవులు కష్టపడుతుండగానే ఎవరో ఒకరు అందుకుంటారు. టీయా, మంచినీళ్లా, ఫ్యాను వెయ్యమంటారా? కొడుకూ అంతే, వ్యాయామం చేయించడానికి వచ్చే నర్సూ అంతే. ఆయన సగం చెబితే మిగతా సగం వాళ్లే చెప్పేసి, వాళ్లే జవాబిచ్చేసుకుని పోతారు.

ఈ లోకంలో ఆయన మాట పూర్తయ్యేదాకా ఎదుటివాళ్లు నోరెత్తకుండా కూర్చోవలసిన చోటు ఈ ఆటొక్కటే. దానికి ఇప్పుడు గడియారం కట్టారు.

"నేనే అడిగానమ్మా," అన్నాడు కిటికీ పక్క కుర్చీలోంచి పళ్ల డాక్టరు. మా వీధి చివర్లోనే ఆయన ఆసుపత్రి. ఆటలో చెయ్యి తిరిగినవాడు, ఆ సంగతి తనే చెప్పుకుంటాడు. "తప్పుగా అనుకోవద్దు. మామగారంటే నాకూ గౌరవమే. కానీ ఒక్కో ఆట చీకటి పడేదాకా సాగితే ఎలా? మనుషులకి పనులుంటాయి కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోయిన నెల పన్ను నొప్పితో మీ దగ్గరికొచ్చాను డాక్టర్‌గారూ. బుగ్గ పట్టుకుని మీ బయటి గదిలో కూర్చున్నాను. మీ తొట్టిలో చేపలన్నిటికీ పేర్లు పెట్టాను, వాటికి సంబంధాలు కూడా చూశాను. మీరు పిలిచేసరికి నాకు ఏ పన్ను నొప్పో మర్చిపోయాను. అప్పుడు ఏ గడియారమూ కనబడలేదే?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా?

షాపతను మధ్యలో దూరాడు. "ఆలస్యం అమృతం విషం అన్నారు కదక్కా."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. నీకు పనికొచ్చేదే గుర్తుంటుందా? ఈయన కోసం ఎదురుచూడలేని ఆట మాకూ అక్కర్లేదు. పదండి మామయ్యా, ఇంటికి పోదాం."

"ఆగు," అన్నారు మామయ్య.

నేను తిరిగి చూసేసరికి ఎడం చేత్తో కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారు. డాక్టరు ఎదుటి కంప్యూటరు ముందు. మౌసు మీద చెయ్యి వేసి నావైపు చూశారు. ఆడతానని ఆ చూపు. ఇంక నేనేం చెయ్యను? ఆయన వెనకాల నిలబడ్డాను, లోపల కుతకుత ఉడుకుతూ.

గడియారాలంటే నాకు పుట్టెడు కోపం, ఆ సంగతి ఇక్కడే చెప్పేయాలి. నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడతాను. సూపర్‌వైజరు స్టాప్‌వాచీ పట్టుకుని మా వీపుల వెనక తిరుగుతుంటాడు. దారం తెగినా, సూది విరిగినా, తుమ్మొచ్చినా ఆ వాచీ ఆగదు. కొన్నేళ్లు అలా కుట్టాక నా చెయ్యి నాకన్నా ముందు పరిగెత్తడం నేర్చుకుంది. ఇంట్లో ఎవరైనా కూర గిన్నె కోసం చెయ్యి చాపేలోగా వడ్డించేసి ఉంటాను. ఎందుకే అంత తొందర అని మా ఆయన నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఆట మొదలైంది.

మామయ్య రోబోలకి పేర్లున్నాయి. బండోడు, చిలక, కుంటిది, నత్త. ఎడం చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టిన పేర్లవి. మొదటి వంతులో బాణం గుర్తు వణుక్కుంటూ వెళ్లి కుంటిదాన్ని పట్టుకుని పాడుబడ్డ గోడ చాటుకి చేర్చేసరికే ఎర్రంకెలు సున్నాకొచ్చాయి. మిగతా మూడూ కట్టేసిన గొడ్లలా నిలబడ్డచోటే ఉండిపోయాయి. డాక్టరు తన నాలుగింటినీ టకటకా నడిపించి, ఒక గుక్క టీ తాగి, ఇంకా సగం నిమిషం మిగిలిందని అందరికీ కనబడేలా వెనక్కి వాలి కూర్చున్నాడు.

రెండో వంతులో బండోడు ఒక్కడే కదిలాడు. మూడో వంతులో చిలక. డాక్టరు ఫిరంగులకి చిలక కాలు విరిగి బోర్లా పడింది. ఆ మనిషిని కుర్చీతో సహా ఎత్తి ఆయన చేపల తొట్టిలోనే పడెయ్యాలనిపించింది నాకు.

మామయ్య మాత్రం తొణకలేదు. వంతుకి ఒక్కదాన్నే కదపగలనని తెలిశాక, ఆ ఒక్కటీ ఎక్కడ నిలబడితే మిగతావి కదలకపోయినా ఫరవాలేదో అలా నిలబెట్టడం మొదలుపెట్టారు. బండోడిని ఇరుకు సందుకి అడ్డంగా పెట్టారు. డాక్టరు రోబోలు ఒకదాని వెనక ఒకటి ఆ సందులోనే దూరాలి. తొందరగా నడిపి తొందరగా కాల్చడం వల్ల అవి వేడెక్కిపోయి మొరాయించసాగాయి. ఒకటి కూలింది, ఇంకొకటి కూలింది. బండోడూ పడిపోయాడు, కుంటిదీ పడిపోయింది. చివరికి మామయ్యకి నత్త మిగిలింది. డాక్టరుకి రెండు మిగిలాయి. ఒకటి గుళ్లన్నీ ఖాళీ అయిపోయి కుంటుతున్న చిన్నది, ఇంకొకటి ఒళ్లంతా కాలిపోతూ కదల్లేక నిలబడ్డ పెద్దది. ఆ పెద్దదాని వీపు సరిగ్గా నత్తకి ఎదురుగా ఉంది.

మామయ్య వంతు. ఎర్రంకెలు పరిగెడుతున్నాయి. బాణం గుర్తు నత్త వైపు బయల్దేరి, మధ్యలో ఆగి, పక్కకి జరిగి, మళ్లీ ఆగింది. ఆయన ఏదో ఆలోచిస్తున్నారు. షాపంతా మా వెనక మూగింది. పది. తొమ్మిది. ఏం ఆలోచిస్తారింకా, ఎదురుగా వీపుంటే? ఎనిమిది. ఈ వంతు పోతే అది చల్లబడి ఇటు తిరుగుతుంది, నత్త తునాతునకలవుతుంది. ఏడు. వీళ్లందరూ గెలుస్తారు, గడియారం గెలుస్తుంది. ఆరు.

నా చెయ్యి వెళ్లిపోయింది. ఆయన చేతి మీద నా చెయ్యి వేసి, మౌసు తిప్పి, నత్తని పట్టి, వీపుకి గురిపెట్టి కాల్చేశాను. కాలర్ తిప్పి కుట్టినంత సేపు పట్టలేదు.

పెద్ద రోబో మంటలు కక్కుతూ కూలింది. షాపు చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ నవ్వాను. అప్పుడు తెలిసింది, నా అరచేతి కింద ఉన్న చెయ్యి కదలడం మానేసిందని. మామయ్య దాన్ని మెల్లగా లాక్కుని ఒళ్లో పెట్టుకున్నారు.

"చూశారా అక్కా," షాపతను సంబరపడిపోయాడు. "నిమిషంలో అయిపోయింది. ఊరికే గొడవపడ్డారు."

"అదే నేననేది," అన్నాడు డాక్టరు. ఓడిపోతున్న బాధ కూడా లేదు మొహంలో, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. "ఇకనుంచి పక్కన మీరు కూర్చోండమ్మా. ఆయన చూస్తుంటారు, మీరు నొక్కుతుంటారు. గడియారంతో ఎవరికీ ఇబ్బందుండదు."

అందరూ తలలూపారు. సమస్య తీరిపోయింది వాళ్లకి. తీర్చింది నేనే. ఫ్యాను వెయ్యమంటారా అని అడిగేవాళ్లలో నేనూ ఒకదాన్నైపోయాను. వాళ్లు అడిగైనా వేస్తారు, నేను అడగనైనా లేదు.

డాక్టరు చిన్న రోబోని ఒకడుగు వెనక్కి నడిపి వంతు ముగించాడు. కాల్చడానికి దాని దగ్గర ఏమీ లేదు. నత్త ఒక్కసారి పేల్చిందా, ఆట మామయ్యదే.

మామయ్య చెయ్యి మళ్లీ మౌసు మీదికొచ్చింది. బాణం గుర్తు కదిలింది. నత్తని దాటిపోయింది. చిన్న రోబోనీ దాటి, తెర పైమూలకి పాకడం మొదలుపెట్టింది. ఆ మూలన ఏముందో నాకు తెలుసు. 'ఓటమి ఒప్పుకుంటున్నాను' అనే బటను.

"మామయ్యా, అటు కాదు, ఇటు..."

"ఆగు."

నావైపు తిరగకుండానే అన్నారు. ఇందాక అన్న 'ఆగు' లాంటిది కాదిది. నేను కొత్త కోడలిగా వచ్చి ఇంట్లో ప్రతిదానికీ చిర్రుబుర్రులాడే రోజుల్లో, ఆయనకి మాట ఉన్న రోజుల్లో, నాతో అనేవారు, "బరువు ఊగుతున్నప్పుడు చెయ్యి కదపకూడదమ్మా, అది కుదురుకోనివ్వాలి" అని. క్రేను సంగతిలే అనుకునేదాన్ని.

రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాను.

బాణం గుర్తు సగం దూరం పోయేసరికి ఎర్రంకెలు సున్నాకొచ్చాయి. వంతు డాక్టరుకి వెళ్లింది. ఆయన తెర వంక చూశాడు, మామయ్య చేతి వంక చూశాడు. ఏమీ కదపకుండా 'వంతు అయింది' నొక్కాడు. బాణం ఆగినచోటి నుంచి మళ్లీ పాకింది. మళ్లీ సున్నా, మళ్లీ డాక్టరు, ఏమీ కదపలేదు. బటను మీదికి చేరాక 'ఖాయమేనా?' అని తెర అడిగింది. 'అవును' అన్న చోటు ఇంకో పక్కనుంది. షాపులో కుర్చీలు కూడా కిర్రుమనలేదు. అందరూ తమ పనులు ఎక్కడివక్కడ ఆపేసి, ఒక ముసలాయన ఓడిపోవడానికి తీసుకునే సమయమంతా ఆయనకే వదిలేశారు.

నొక్కారు. 'మీరు ఓడిపోయారు' అని వచ్చింది.

"గెలిచే ఆటని అలా ఎందుకు..." డాక్టరు నిజంగానే అర్థంకాక అడిగాడు.

మామయ్య పెదవులు కదిలాయి. మాట లోపలెక్కడో ఇరుక్కుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. షాపతను ఆగలేకపోయాడు. "టైం చాల్లేదనా తాతగారూ? పోనీ రెండు నిమిషాలు..."

"నువ్వు కాసేపు నోరు ముయ్యి," అన్నాను నెమ్మదిగా.

మూశాడు. మేమందరం నిలబడ్డాం. మామయ్య ఎడం చెయ్యెత్తి, కూలిపోయిన పెద్ద రోబోని చూపించారు. తర్వాత నన్ను చూపించారు. తర్వాత ఆ చేతిని తన గుండె మీద పెట్టుకున్నారు.

"నా... వంతు."

వచ్చిన దగ్గర్నుంచీ అందరి మీదా విసిరేసిన కోపం అంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. క్షమించండి అనడానికి నోరు తెరిచాను, ఆయన అప్పటికే కర్ర కోసం చూస్తున్నారు. అందించబోయి ఆగాను. తీసుకోవడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

వెళ్తూ వెళ్తూ షాపతనితో, "ఆ గడియారం తీసేదాకా మేం రాం," అన్నాను. అతను తల గోక్కున్నాడు తప్ప తీస్తాననలేదు. డాక్టరు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

మెట్ల మీద మా వెనక ఎవరో హెల్మెట్ పట్టుకుని నిలబడి గట్టిగా నిట్టూర్చాడు. నాలుగు తగిలిద్దామని వెనక్కి తిరిగాను. తిరిగితే కనబడింది, మామయ్య ఇంకా పై మెట్టు మీదే ఉన్నారు, నేను అప్పుడే మూడు మెట్లు దిగిపోయి ఉన్నాను. వెనక్కి ఎక్కి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఆఁ," అన్నారాయన, కర్ర కింది మెట్టు మీద ఆనించి.