సాయన్న పంపిన గళ్ల ఫొటో

ఫొటో వచ్చిందంటే నేను ముందు పక్షిని చూడను, పంపినవాణ్ణి చూస్తాను. ముప్పై ఏళ్లు పిల్లలకు జువాలజీ చెప్పి నేను నేర్చుకున్నది అదొక్కటే.

మా నగర పక్షుల గ్రూపులో వేటపక్షుల ఫొటోలన్నీ నా దగ్గరికే వస్తాయి. చుక్కంత పక్షి, వెనక ఎండ, తీసినవాడి చెయ్యి వణుకు. తోక చీలి ఉంటే గద్ద, రెక్కలు కోసుగా ఉంటే డేగ అని నేనే తేల్చాలి. మూడేళ్ల కిందట ఒక పెద్దమనిషి టీవీలో వచ్చిన డేగను ఫోనుతో తీసి, ట్యాంక్‌బండ్ మీద కనబడిందని పంపాడు. నమ్మి, నగరంలో కనబడ్డ పక్షులంటూ మా గ్రూపు రాసుకునే జాబితాకెక్కించాను. సంగతి బయటపడ్డాక ఆబిడ్స్ హోటల్లో ఆదివారం మీటింగులో చాయ్ తాగుతూ అందరూ నవ్వారు. నళిని మేడంకే టోపీ పెట్టారన్నారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

అందుకే గురువారం పొద్దున సాయన్న పంపిన ఫొటో చూడగానే ఒళ్లు మండింది.

సాయన్న బాల్కనీల్లోకి పావురాలు రాకుండా నెట్లు కట్టే మనిషి. హిమాయత్‌నగర్‌లో మా ఇంటికి కట్టడానికి వచ్చి, నా పుస్తకాలు తిరగేసి, గ్రూపులో చేరతానన్నాడు. చేరిన వారానికే మామూలు గద్దను పట్టుకొని రాబందన్నాడు. ఇప్పుడేమో నాంపల్లిలో పదకొండో అంతస్తు మీద, ఊళ్లో అరుదుగా కనబడే షాహీన్ డేగ అట. ఫొటోలో ఒక మసక మచ్చ, విప్పిన రెక్కలు, వాటి మీద అడ్డంగా నిలువుగా సన్నటి గళ్లు. టీవీ తెరను ఫోనుతో తీస్తే అచ్చం ఇలాంటి గళ్లే పడతాయి. కింద రాత: "మేడం, షాహీన్. పిల్లలున్నయ్. షాహీనే అని ఒక చిట్టీ రాసియ్యుండ్రి, జల్ది."

చిట్టీ దేనికి? పేపర్లో వేయించుకోవడానికా, నలుగురికీ చూపించుకోవడానికా? నాకు అనుమానం ఇంకా పెరిగింది. రెండుసార్లు ఫోన్ చేశాడు, కట్ చేశాను. మూడోసారి ఎత్తాను.

"మేడం, జర నా మాట ఇనుండ్రి. గీడ సెక్రటరీ సారు..."

"ఏ టీవీలో చూసినవ్ సాయన్నా?" అన్నాను.

"టీవీ ఏంది మేడం?"

"గళ్లు కనబడుతనే ఉన్నయ్. నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు."

ఫోన్ పెట్టేసి, గ్రూపులో "తెర నుంచి తీసిన దొంగ ఫొటో, చెల్లదు" అని రాశాను. పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ పూట అన్నం హాయిగా తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆ బిల్డింగ్ అడ్రస్ పంపాడు. "ఒక్కసారి ఒచ్చి సూడుండ్రి, ఇంకేం అడగ" అని రాశాడు. అబద్ధమాడేవాడు అడ్రస్ ఇవ్వడు. లేదా, ఈ ముసలిది ఎలాగూ రాదులే అన్న ధీమాతో ఇస్తాడు. రెండోదే నిజమనిపించి, మొహం మీదే కడిగేద్దామని ఆటో ఎక్కాను. ఆబిడ్స్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఆగిపోతే, అంతసేపూ వాణ్ణి అనాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

సాయన్న లిఫ్ట్ దగ్గరే నిలబడి ఉన్నాడు. పక్కన అపార్ట్‌మెంట్ సెక్రటరీ విశ్వనాథ్ గారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నమస్కారం పెట్టి పైకి తీసుకెళ్లారు. ఖాళీ ఫ్లాట్‌లో వంటింటి కిటికీ చూపించాడు సాయన్న.

"బుధవారం పొద్దుగూకంగ నేనే కట్టిన మేడం. ఏసీ డబ్బా ఎనకాల పిల్లలున్నయని సూడలే. తెల్లారి ఒచ్చేసరికి తల్లి నెట్టుకు కొట్టుకుంటాంది. గీ కిటికీలకెళ్లే ఫొటో తీసిన."

అద్దానికి కళ్లానించి చూశాను. బయట సన్నటి గట్టు, ఏసీ డబ్బా, వాటిని మూసేస్తూ నైలాన్ నెట్. నెట్టుకు అవతల, ఎదుటి గోడ మీద పక్షి, కాళ్ల కింద చచ్చిన పావురం. నల్లటి తల, చెంప మీద మీసంలా దిగిన నల్ల చార, ఎర్రటి పొట్ట. షాహీనే, సందేహం లేదు. చూస్తుండగానే ఎగిరొచ్చి నెట్టును గోళ్లతో పట్టుకొని రెక్కలు విప్పింది. అదే మసక మచ్చ, అవే గళ్లు. రోజూ నా బాల్కనీలో నిలబడి నేను ఆకాశం చూసేది ఇదే మనిషి కట్టిన ఇలాంటి గళ్లలోంచే. నాకు తట్టనే లేదు.

డబ్బా వెనక తెల్లటి నూగుతో రెండు పిల్లలు. ఒకటి నోరు తెరుస్తోంది. రెండోది పక్కకు ఒరిగి ఉంది, దాని మీద చీమలు పాకుతున్నాయి.

"షాహీనే సార్. నెట్ విప్పించండి," అన్నాను.

విశ్వనాథ్ గారు కిటికీలోంచి తొంగి చూశారు. "నాకైతే మామూలు గద్దలాగే ఉందమ్మా. ఇతను నిన్నే అడిగాడు, తెలిసినవాళ్లు రాసిస్తే విప్పించేద్దామన్నాను. కానీ మా అమ్మాయి సుష్మ మీ గ్రూపులోనే ఉంది. దొంగ ఫొటో అని మీరే రాశారని చూపించింది. టీచరుగారి మాట కదా అని ఆగిపోయానండి."

"ఆ రాత తప్పు. తప్పు నాదే," అన్నాను. ఆయన విప్పెయ్యమని సాయన్నకు తలూపారు.

సాయన్న నడుముకు బెల్టు కట్టుకొని, కిటికీ తెరిచి, కత్తితో నెట్టును పైనుంచి కిందికి కోశాడు. తల్లి అరుస్తూ గాల్లో చుట్లు కొట్టింది. ఒరిగిపోయిన పిల్లను చేతిలోకి తీసుకొని, లోపలికి జరిగి, కిటికీ మూశాడు. కాసేపటికి తల్లి పావురంతో గట్టు మీద వాలింది. మిగిలిన పిల్ల నోటికి ముక్క అందించింది.

నేను ఫోన్ తీసి, నిన్నటి రాత తుడిచేసి, సాయన్న పేరుతో షాహీన్‌ను జాబితాకెక్కించాను. చూపిద్దామని వాడి వైపు తిరిగాను. వాడు ఫోన్ చూడలేదు. అరచేతిలో ఉన్నదాని మీంచి చీమలు దులుపుతున్నాడు.

"నిన్న నేను ఫోన్ చేసినప్పుడు గిది బతికే ఉండె మేడం," అన్నాడు.