ఫ్రేములో పడ్డ చెయ్యి

ఫోను మోగగానే ఆమె గుండె గుభేలుమంది. పనివేళలో ఇంటినుంచి ఫోనంటే మంచి కబురు వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. పిల్ల మెట్ల మీంచి పడి ఉంటుంది. అత్తగారు స్నానాలగదిలో జారి ఉంటారు. గ్యాసు కట్టేశానా, లేదా? ఒక చెయ్యి దారం మీదే ఉంచి, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుంది.

"నా తువ్వాలు ఎక్కడ పెట్టావే?" అన్నాడు భర్త.

"తలుపు వెనక కొక్కేనికి ఉందండీ."

"లేదిక్కడ."

"మీ చొక్కా కింద చూడండి."

"ఆఁ, ఉంది" అని పెట్టేశాడు. ప్రాణం కుదుటపడ్డాక చూసుకుంటే, కాలు తన మానాన తను పెడలు తొక్కుతూనే ఉంది.

బొమ్మలతో చిన్న చిన్న సినిమాలు తీసే ఆ రెండు గదుల స్టూడియోలో సామాన్లు చెయ్యడం ఆమె పని. అగ్గిపెట్టెంత పొయ్యి, గోరంత గరిటె, అరచేతిలో పట్టే పరుపూ దిండూ. సినిమా మొదట్లో వచ్చే పేరు కూడా ఆమె చేతి మీదుగానే తయారవుతుంది. ఈసారి ఎర్రదారంతో. నల్లగుడ్డ మీద దారాన్ని పిసరంత జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, కాలితో పెడలు నొక్కాలి, పైనున్న కెమెరా ఒక ఫొటో తీస్తుంది. మళ్ళీ పిసరంత. అవన్నీ వరసపెట్టి ఆడిస్తే దారం తనే మెలికలు తిరుగుతూ అక్షరాలైనట్టుంటుంది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కిన కాలు కనక లయ తప్పలేదు. తప్పింది చెయ్యే, ఫోను మాట్లాడినంతసేపూ దారం మీదే ఉండిపోయింది. సినిమా పేరు 'దానంతటదే'. మనుషులు లేని ఇంట్లో పక్కలు వాటంతటవే మడతపడుతూ, గిన్నెలు వాటంతటవే తోముకుంటూ ఉండే పిల్లల సినిమా.

డైరెక్టరు, ఆమె చెల్లెలి వయసు పిల్ల, అంతా ఆడించి చూపించింది. దారం చక్కగా పాకుతూ పాకుతూ ఉండగా హఠాత్తుగా తెరంతా చెయ్యి! అంట్లు తోమి చీలిన గోళ్ళు, ఎండిన జిగురు, మణికట్టు పైన ముడుచుకుపోయిన కాలిన మచ్చ. నలుగురిలో బట్ట జారినట్టయింది ఆమెకి.

"అమ్మో, తీసెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నాకు నచ్చింది అక్కా" అంది డైరెక్టరు. ఆమె మొహం చూసి తగ్గింది. "సరే, రేపే ప్రదర్శన, ఇప్పుడు టైం లేదు. రేపటికిలా పోనిద్దాం. ఎల్లుండి పొద్దున మళ్ళీ తీసి పోటీకి అదే పంపుదాం."

ఆ చేతిని దాచుకోవడం ఆమెకి కొత్త కాదు. ఒకసారి భర్త ఆఫీసరు ఇంటికొస్తే, కాఫీ ఇచ్చిన వెంటనే "చేతులు కొంగులో పెట్టుకోవే, పనిమనిషి అనుకుంటారు" అని చెవిలో అన్నాడు భర్త. అత్తగారైతే వచ్చినవాళ్ళందరితో "మా కోడలు ఎప్పుడు చేస్తుందో కనపడదు, చూసేసరికి పనంతా అయిపోయి ఉంటుంది" అనేవారు. ఆ మాటని ఆమె ఇన్నాళ్ళూ మెచ్చుకోలుగా దాచుకుంది. ఇంకోసారి అనిపించుకోవాలని మరో గంట ముందు లేచింది కూడా.

మర్నాడు చిన్న హాల్లో భర్త, అత్తగారు, పన్నెండేళ్ళ కూతురు ఆమెకి అటూ ఇటూ కూర్చున్నారు. తెరమీద చెయ్యి రాగానే వెనకనుంచి ఎవరో "చెయ్యి పడిందిరోయ్!" అన్నారు. అందరూ నవ్వారు. కూతురు ఎగిరి లేచి నిలబడింది. "అది మా అమ్మ చెయ్యి!"

తలలన్నీ ఇటు తిరిగాయి. "నీదా?" అన్నాడు భర్త, పళ్ళబిగువున.

"కాదు. అక్కడ ఊడ్చే ఆవిడది."

ఎంత తడుముకోకుండా వచ్చేసిందో ఆ అబద్ధం! కూతురు కూర్చుంది. కొంగులోకి దూరిపోతున్న తల్లి చేతికేసి చూసింది. పాకే వయసులో ఆ పిల్ల మరిగే పాలగిన్నె గుంజితే, మీద పడకుండా అడ్డుపెట్టిన చెయ్యి అది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుందో. ఆ మచ్చ మీద వేలు పెట్టుకుంటేగానీ చిన్నప్పుడు నిద్రపోయేది కాదు.

"నీది కాదు కాబట్టి సరిపోయింది, లేకపోతే పరువు పోయేది" అన్నాడు భర్త బయటికొచ్చాక. "సినిమా మాత్రం భలేగా ఉందే" అన్నారు అత్తగారు, "పనులన్నీ అలా వాటంతటవే అయిపోతుంటే ఎంత హాయో కదా!" రోడ్డు దాటేటప్పుడు ఆమె కూతురి చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకుంది. ఆ ఊడ్చే ఆవిడ రోజూ తనకి మంచినీళ్ళు అందిస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఒక్క మాటతో ఇద్దరి చేతుల్నీ నవ్వులపాలు చేసింది. నేల చీలితే బాగుండునని ఊరికే అనరు. ఇల్లు చేరేదాకా తల ఎత్తలేదు.

పొద్దున సెలవని ఇంకా పడుకునే ఉన్న పిల్లని లేపింది.

"నేనెందుకు?"

"పెడలు తొక్కడానికి."

స్టూడియోలో నల్లగుడ్డ పరిచి ఉంది. ఆమె దారం అందుకుంది. పోటీవాళ్ళు నవ్వుతారేమో, సినిమా వెనక్కి వచ్చేస్తుందేమో, ఆయన చూసి ఇకమీదట పనిలోకే పంపరేమో. భయాలన్నీ ఎప్పటిలా వరస కట్టాయి. సంచిలో ఫోను మోగింది. గుండె గుభేలుమంది. చెయ్యి మాత్రం దారం మీంచి లేవలేదు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"చెయ్యి తియ్యి, ఫొటోలో పడుతుంది" అంది కూతురు ముభావంగా.

"పడనీ. తొక్కు."