గొంతు పెంచండి మేడం

“రైతు సోదర సోదరీమణులారా...” అంది శివలీల, జొన్నరొట్టె తడుతూ. గట్టిగా కూడా కాదు, పక్కనున్న పొయ్యికి వినపడేంత.

“ఎవరితో మాట్లాడతాండావే?” అంటూ అత్త ఉరుకుందమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. “మెల్లగ! మీ మామ ఆడనే కూసోనుండాడు.”

మెల్లగట! ఇంతకంటే మెల్లగా మాట్లాడాలంటే ఇంక మనసులోనే మాట్లాడుకోవాలి. ఆ పనీ చేస్తూనే ఉంది కదా, పెళ్ళయినప్పటి నుంచీ. రేపు సోమవారం పొద్దున్నే ఆఫీసులో పై అధికారుల ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడి మెప్పిస్తే రైతు శిక్షణ అధికారి ఉద్యోగం ఆమెది. ఊరూరూ తిరిగి, రైతుల్ని కూర్చోబెట్టి, పత్తిలో గులాబీ పురుగును ఎట్లా పట్టుకోవాలో చెప్పే ఉద్యోగం. మెప్పించలేకపోతే ఆఫీసులోని కుర్రాడు ఉమామహేశ్‌కి పోతుంది. అతనికి పని నేర్పింది శివలీలే. ఫోనులో డీలరుతో ఎట్లా మాట్లాడాలో కూడా పక్కన కూర్చుని చెప్పింది.

కర్నూలులో వాళ్ళది పత్తి విత్తనాల కంపెనీ. అక్కడ ఏళ్ళ తరబడి ఆమె చేస్తున్నదేమిటంటే, కోపంగా వచ్చిన వాళ్ళని చల్లార్చి పంపడం. గింజ మొలవలేదని ఏ డీలరో ఊగిపోతూ లోపలికి వస్తే చాలు, మేనేజరు ప్రకాశానికి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది, లోపలి గదిలోకి జారుకుంటాడు. “మీరైతే మెత్తగా మాట్లాడతారు మేడం, కొంచెం చూడండి” అని ఆమెని ముందుకు తోస్తాడు. ఆమె చూస్తుంది. కూర్చోబెడుతుంది, మంచినీళ్ళిస్తుంది, తిట్లు తింటుంది. వచ్చినాయన చల్లబడి వెళ్ళాక ప్రకాశం బయటికొచ్చి “పోయినాడా?” అంటాడు.

ఇప్పుడేమో ఆ మెత్తదనమే తప్పయిపోయింది! మాట తీరు నేర్పిస్తామని, నలుగురిలో ఎట్లా మెలగాలో చెబుతామని కంపెనీ వాళ్ళు శనివారాల్లో శిక్షణ పెట్టించారు. శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన అందరి ముందూ నిలబెట్టి, “విషయం బాగుంది, గొంతే రావడం లేదు. గొంతు పెంచండి మేడం. పొట్టలోంచి రావాలి. పెంచండి, ఇంకా పెంచండి” అన్నాడు. పెంచబోతే సన్నగా వణికింది. వెనకనుంచి ప్రకాశం, “ఈడ ఇట్లుండాది గానీ సార్, ఇంట్లో చూడాల. మొగుడు గజగజ వణుకుతాడు” అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. శివలీల కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు, నవ్వకపోతే బాగుండదని నవ్వింది. ఇంటికొచ్చే దారంతా ఆ నవ్వు గుర్తొచ్చి ఛీ అనిపించింది.

ఆమెకి గొంతు లేకనా? ఆలూరు దగ్గర పుట్టినూర్లో, చేని గట్టు మీద నిలబడి “నాయనా, బువ్వకి రా!” అని కేకేస్తే అవతలి చేన్లో ఎద్దులతో ఉన్న నాయన తలెత్తేవాడు. ఆ గొంతే పెళ్ళై వచ్చిన మర్నాడు “మెల్లగ” అనే మాట దగ్గర ఆగిపోయింది. ఫోనులో మెల్లగ. నవ్వితే మెల్లగ. తుమ్మైనా కొంగు అడ్డం పెట్టుకునే తుమ్మింది! ఇంట్లో తగ్గించమంటారు, ఆఫీసులో పెంచమంటారు. గుమ్మం దాటగానే మార్చుకోవడానికి ఇదేమన్నా చెప్పులా?

వంట ముగించి మిద్దె మీదికి వెళ్ళింది. నోరు తెరిచిందో లేదో, కింద నుంచి భర్త హనుమేష్ పిలిచాడు, కాఫీ అట. దిగివచ్చి కాఫీ ఇచ్చి, స్నానాల గదిలోకి దూరి, కొళాయి తిప్పి మొదలుపెట్టింది. “పూత దశలో పొద్దున్నే చేన్లోకి పోయి చూడండి...” అనేసరికి తలుపు దడదడలాడింది.

“ఎవరితోనే లోపల?” అత్త గొంతు. ఈమె గొంతు మాత్రం వీధికి వినపడినా ఫరవాలేదు!

బయటికొచ్చి చూస్తే, మంచం మీద తను వదిలేసిన ఫోను హనుమేష్ చేతిలో ఉంది. ఎవరెవరితో మాట్లాడిందో వేలితో పైకి కిందికి జరుపుతూ చూస్తున్నాడు.

“ఊరికే చూస్తాండా” అన్నాడు.

“రేపటి ఉపన్యాసం చెప్పుకుంటాండా. నిన్న చెప్పినా గదా మీకు.”

“దానికి బచ్చలింట్లో ఈ రచ్చేంది? ఆ పిల్లోడు ఉమామహేశ్‌కి ఇడిసిపెట్టు. మైకు ముందర నిలబడి మాట్లాడే మనిషివా నువ్వు? ఎప్పుడన్నా గట్టిగ మాట్లాడినావా?”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడన్నా మాట్లాడినావా! ఎవరు మాట్లాడనిచ్చారని? మాట్లాడనివ్వకపోవడమూ వీళ్ళే, మాట్లాడలేదనడమూ వీళ్ళే. ఇక ఏ మూలకి పోవాలి, ఏ కొళాయి తిప్పాలి? అతని చేతిలోంచి ఫోను తీసుకుని నేరుగా హాల్లోకి నడిచింది. మామ తిమ్మన్న టీవీలో వార్తలు చూస్తున్నాడు. ఆయనకి ఎదురుగా, టీవీ పక్కన, నిలబడింది.

“మామా, ఐదు నిమిషాలు వినండి. రైతు సోదర సోదరీమణులారా!”

ఆయన ఆమె వైపు చూడనైనా చూడలేదు. రిమోటు నొక్కి టీవీ సౌండు పెంచాడు. శివలీల గొంతు పెంచింది. ఆయన ఇంకా పెంచాడు. ఆమె కూడా ఇంకా పెంచింది. “విచ్చుకోకుండా ముడుచుకున్న పూలని గుడ్డి పూలంటారు! వాటిలో పురుగుంటుంది! తుంచి కాల్చేయండి!” టీవీలో ఎవరో అరుస్తున్నారు, అంతకు పైన శివలీల. మొదట గొంతు చీరుకుపోయినట్టయింది, ఆ తర్వాత ఎక్కడో లోపలినుంచి, దమ్ము నిండా, తనంతట తాను వచ్చేసింది. ఉరుకుందమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. హనుమేష్ వచ్చి ఏదో అన్నాడు, పెదాలు కదలడమే కనిపించింది.

టక్కున కరెంటు పోయింది. టీవీ ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో శివలీల మాట ఇల్లు దాటి వీధిలోకి పోయింది. ఎదురింటి కృపారాణి, చేతిలో చీపురుతో, ఆగి ఇటే చూస్తోంది.

“టీవీ ఆగిపాయె గదా,” అన్నాడు హనుమేష్, వీధి వైపు చూస్తూ, “ఇంగనన్నా మెల్లగ చెప్పు.”

“టీవీ కోసం కాదు,” అంది శివలీల, అదే గొంతుతో. “నా గొంతే అంత. కూచోండి, ఇంకా అయిపోలేదు.”